ఎనభై నాలుగు కిలోల బియ్యం

శైలేందర్ పేరు నా షాపులో ఎత్తొద్దని ఆరేళ్ల కిందట హుకుం జారీ చేశాను. ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో నా దగ్గరికి బండ్లు తెచ్చే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఇజాజ్ మెకానిక్ ముందు ఆ పేరు తీస్తే ఆ రోజు పని జరగదు. నా భార్య నుస్రత్‌కు ఇంకా బాగా తెలుసు. ఒకసారి అన్నం తింటుంటే ఆమె ఆ పేరు ఎత్తబోయింది, నేను పళ్లెం విసిరేశాను. దానికి సొట్ట పడింది. ఇప్పటికీ నాకు ఆ పళ్లెంలోనే వడ్డిస్తుంది.

అలాంటిది, ఒక ఆదివారం పొద్దున పదింటికి వాడి నీలం కారే వచ్చి షాపు ముందు ఆగింది. నేను తల ఎత్తకముందే ఇంజన్ చప్పుడుకు పోల్చుకున్నాను. పోల్చుకోకుండా ఎలా ఉంటాను? ఆ పాత సెడాన్‌ను ఏ ముక్కకాముక్క విప్పి మళ్లీ తయారు చేసింది నేనూ శైలేందరూ. ఖాళీ గ్రౌండులో కోన్లు పెట్టి, వాటి మధ్యనుంచి ఒక్కో కారునూ మెలికలు తిప్పుతూ పరుగెత్తించి, ఎవరు ఎన్ని సెకన్లలో వచ్చారో చూసే పోటీలుంటాయి. వాటి కోసం తయారు చేశాం. నేను బిగించేవాణ్ణి, వాడు నడిపేవాడు. తొమ్మిదేళ్లు అలా గడిచాయి. నా జీవితంలో మంచి రోజులేవని అడిగితే నేను వేరే రోజులు చెప్పలేను.

చేతులు తుడుచుకుంటూ లేచాను. డ్రైవర్ తలుపు తెరుచుకుంది. దిగింది వాడు కాదు, వాడి భార్య వందన. సిద్దిపేటలో గవర్నమెంటు బడిలో టీచరు.

"బాగున్నవా భయ్యా?" అంది.

"బాగనే ఉన్న. బండికేమైంది?" అన్నాను. ఎదురు బాగోగులు అడగాలన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు.

"మలుపు తిప్పుతుంటే ఎనక భాగం జారుతుందట. కొత్త స్వే బార్లు ఏసిండు, ముందటొకటి ఎనకొకటి. ఫోన్ల చూసి తెప్పిచ్చుకుండు. ఎప్పటివాటి కంటె లావుగున్నయి. వచ్చే నెల పోటీ ఉంది, గప్పటికి బండి మంచిగ కావాలె."

"వాడు పంపిండా?"

వందన బండి తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేనే తెచ్చిన," అంది. నా ముఖం ఎలా పడిపోయిందో ఏమో, షాపు వెనక ఇంట్లోకి, నుస్రత్ దగ్గరికి వెళ్లిపోయింది.

స్వే బార్ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ కలిపి పట్టే ఇనుప కడ్డీ. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా ఆపుతుంది. లావుది వేస్తే ఒరగడం తగ్గుతుంది, నిజమే. కానీ ముందుది మరీ బిగువైతే స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతానని మొండికేస్తుంది. వెనకది మరీ బిగువైతే తోక జారుతుంది. రెండింటికీ పొత్తు కుదర్చడమే పని.

బండిని గుంత మీదికి ఎక్కించి కిందికి దిగాను. వెనక బార్ చివర మూడు రంధ్రాలున్నాయి. లింక్ రాడ్‌ను లోపలి రంధ్రంలో తగిలిస్తే బిగువు, బయటి రంధ్రంలో తగిలిస్తే సడలు. మనవాడు అన్నిటికన్నా లోపలిదానికి తగిలించాడు. వాడి తొందర పుట్టుకతో వచ్చింది. దాన్ని తీసి బయటి రంధ్రానికి మార్చాను. టైర్లలో గాలి సరి చేశాను.

తర్వాత లింక్ రాడ్లు చూశాను. బార్‌ను చక్రం దగ్గర పట్టి ఉంచే చిన్న కడ్డీలు అవి, మర తిప్పి నిడివి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వాటిని బిగించేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి, నడిపే మనిషి సీట్లో కూర్చొని ఉండాలి. మనిషి బరువుకు బండి కుడివైపు కాస్త దిగుతుంది. అలా దిగినప్పుడు బార్ మెలిపడకుండా తీరుబడిగా ఉండాలి. మెలిపడితే కుడి మలుపు ఒకలా, ఎడమ మలుపు ఇంకోలా ఉంటుంది. వీడు జాకీ ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించేశాడు. ఇంకేం చేస్తాడు? సీట్లో తనే కూర్చొని కింద తనే దూరి ఎలా బిగిస్తాడు? ఒక్కడి పని కాదది. ఆ మాట తట్టగానే నాకు కోపం రావాల్సింది, రాలేదు.

వాడు సిద్దిపేట నుంచి రాలేని రోజుల కోసం మేమొక పద్ధతి పెట్టుకున్నాం. పక్కన ఉప్పలయ్య కిరాణా దుకాణం కాంటా మీద వాణ్ణి నిలబెట్టి తూచాం. ఎనభై నాలుగు కిలోలు. మూడు ఇరవయ్యారు కిలోల బియ్యం సంచులు, ఆరు కిలోల నా పనిముట్ల డబ్బా కలిపితే సరిగ్గా శైలేందర్. రెండు సంచులు సీట్లో, ఒకటి కాళ్ల దగ్గర, డబ్బా ఒళ్లో. పని అయ్యాక సంచులు తిరిగి ఉప్పలయ్యకు ఇచ్చేసేవాళ్లం. ఆ అంకెను షాపు గోడ మీద పెయింటుతో రాశాను, '84' అని. నిరుడు గోడలకు సున్నం వేయించినప్పుడు ఆ జాగ వదిలేయమన్నాను. ఎందుకని అడిగినవాణ్ణి కసురుకున్నాను.

ఆ రోజూ సంచులు తెప్పించాను. డ్రైవర్ సీటు మీద ఒక మెత్తటి కుషన్ ఉంది. వందన వదినె ఎత్తు చాలక వేసుకుందనుకొని వెనక సీట్లోకి విసిరాను. బియ్యం పెట్టి, గుంతలోకి దిగి, లింకులు సరిచూసి బిగించాను. బిగించిన నట్టు మీద పసుపు పెయింటుతో సన్నటి గీత పెట్టాను. నట్టు సడలితే గీత విరుగుతుంది, తెలిసిపోతుంది. ఈ చుట్టుపక్కల పసుపు గీత పెట్టేది నేనొక్కణ్ణే.

నడిపి చూడాలి కదా. నా బరువు యాభై ఎనిమిది. నేనూ ఒక సంచీ కలిస్తే ఎనభై నాలుగు. లెక్క కుదిరినందుకు మేమిద్దరం ఒకప్పుడు ఎంత నవ్వుకున్నామో! సంచిని నా సీటు వెనకాల నిలబెట్టి మర్కూక్ దారి పట్టాను. పొలాల మధ్య మనుషులు లేని చోట ఒక మెలిక ఉంది. ఎడమకు తిప్పాను, కుడికి తిప్పాను. బండి గీసిన గీత మీద నడిచినట్టు నడిచింది. పాత రోజుల్లో అయితే వాడు పక్క సీట్లో నుంచి నా వీపు మీద ఒక్కటి చరిచేవాడు. ఆ దెబ్బ కోసం నా వీపు నిజంగానే ఎదురుచూసింది.

ఇంతకీ మేం ఎందుకు విడిపోయామో చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ఆరేళ్ల కిందట ఒక పోటీలో బండి మూడో మలుపులో గిర్రున తిరిగిపోయింది. వాడు దిగి వచ్చి నలుగురి ముందు, "ఇజాజ్ పాన పట్టుడు మరిచిపోయిండు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "కసూర్ బండిల లేదు, నీ బొజ్జల ఉంది. ఇరవై కిలోలు తగ్గినంక రా, గప్పుడు బిగిస్త," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. వాడు నవ్వలేదు. బండెక్కి వెళ్లిపోయాడు. నెలలోపు ఫోన్ చేస్తాడనుకున్నాను. నెల దాటాక పండక్కి చేస్తాడనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేసి, హుకుం జారీ చేశాను.

వందన బండి తీసుకొని వెళ్లింది. ఆ వారమంతా నేను పనిలో ఉన్నాను గానీ పనిలో లేను. పసుపు గీత చూస్తాడు కదా, చూస్తే నేనే బిగించానని తెలుస్తుంది కదా. ఫోన్ మోగినప్పుడల్లా గ్రీజు చేతులతోనే ఎత్తాను. టైర్ల కంపెనీ వాళ్లు, బ్యాంకు వాళ్లు.

మళ్లీ ఆదివారం వందన వచ్చింది, బండితోనే. "ఇంకా జారుతుందట భయ్యా. ఎడమకు మంచిగనే ఉంది, కుడికే జారుతుందట," అంది.

వెనక టైరు మీద సుద్దతో ఏదో రాసి ఉంది. వంగి చూశాను. బాణం గుర్తు, పక్కన 'కుడి' అని. 'డ' గుండ్రంగా రాసి కింద తోక లాగే అలవాటు వాడిది. ఆరేళ్ల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. నేను అక్కడే గొంతుక్కూర్చొని ఆ రెండు అక్షరాలను చూస్తూ ఉండిపోయాను. చెరిగిపోతుందని ఆ టైరు ముట్టుకోలేదు.

తర్వాత కోపం వచ్చింది. నా బిగింపులో తప్పు పట్టడం మళ్లీ మొదలుపెట్టాడన్నమాట! సంచులు తెప్పించి, అన్నీ మొదటి నుంచి చూశాను. పసుపు గీత విరగలేదు. లింకు మెలి లేదు. గాలి సరిగ్గా ఉంది. సంచి వెనకేసుకొని మర్కూక్ దారిలో తిరిగి వచ్చాను. కుడికీ ఎడమకీ వెంట్రుకంత తేడా లేదు.

వచ్చి వందనతో గట్టిగానే అన్నాను. "గాయినకు చెప్పు వదినె. కసూర్ బండిల లేదు, మనిషిల ఉంది."

ఆమె నా వైపు చూసింది. "అవు భయ్యా. మనిషిలనే ఉంది," అంది నెమ్మదిగా. కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లింది. ఉక్కపోత అనుకున్నాను. నా తెలివి అంత మాత్రం.

ఇంతలో ఉప్పలయ్య వచ్చాడు. "ఇజాజ్ భాయ్, గా సంచి ఇయ్యి, గిరాకి నిలబడ్డడు," అని నా సీటు వెనకనుంచి సంచి ఎత్తుకుపోయాడు.

నాకు మనసు ఊరుకోలేదు. ఇంకొక్కసారి చూసి, నా మాటే నిజమని రూఢి చేసుకుందామని మళ్లీ బయల్దేరాను. అదే మెలిక, అదే వేగం. ఎడమకు తిప్పాను, బాగుంది. కుడికి తిప్పాను. వెనక చక్రాలు జర్రున పక్కకు జరిగాయి. స్టీరింగ్ పట్టి సరిచేసుకొని, రోడ్డు వారకు ఆపాను. ఏమీ అర్థం కాలేదు. అరగంట కిందట ఇదే బండి, ఇదే చెయ్యి. దిగి కింద దూరి చూశాను. పసుపు గీత నిటారుగా ఉంది.

మళ్లీ వచ్చి కూర్చొని, అలవాటుగా చెయ్యి వెనక్కి పెట్టాను. సంచి లేదు.

సంచి ఉంటే జారదు. నేనొక్కణ్ణే ఉంటే జారుతుంది. బండి ఎనభై నాలుగు కిలోల మనిషి కోసం ఎదురుచూస్తోంది, సీట్లో ఉన్నది యాభై ఎనిమిది కిలోల మనిషి. కుడివైపు దిగాల్సినంత దిగక బార్ మెలిపడుతోంది. మరి వాడు నడిపినా జారుతోందంటే?

వెనక సీట్లో ఆ కుషన్ పడి ఉంది. తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఒంట్లో కండ కరిగి ఎముకలు సీటుకు గుచ్చుకునేవాళ్లు వేసుకునే కుషన్ అది. మా అబ్బాజాన్ చివరి రోజుల్లో అలాంటిదే వాడాడు. బండి ఎలా తిప్పుకొని వచ్చానో తెలియదు.

వందన, నుస్రత్ గడపలో కూర్చొని చాయ్ తాగుతున్నారు. నేను నిలబడే అడిగాను. "వదినె, వాని బరువెంత ఇప్పుడు?"

వందన గ్లాసు కింద పెట్టింది. "అర్వై ఒకటి," అంది. "కడుపుల గడ్డయింది భయ్యా. నిరుడు పట్నంల ఆపరేషన్ చేసిన్రు. కడుపు సగం తీసేసిన్రు. ఇప్పుడు భయం లేదంటున్నరు గాని, తిండి సాగుతలేదు, సగం రొట్టె తింటే గొప్ప. దవాఖానల పండుకొనే గా బార్లు తెప్పిచ్చుకుండు. నీకు చెప్పద్దని ఒట్టు ఏయించుకుండు."

నేను నుస్రత్ వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"తెలుసు. రెండుసార్లు పోయి చూసొచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తరు? పేరెత్తొద్దంటివి," అంది నుస్రత్. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఒక్కసారి ఎత్తబోతే పళ్లెం ఇసిరికొడ్తివి. గది ఆపరేషన్ రోజు, గీ ముచ్చట చెప్పేటందుకే."

ఆపరేషన్ రోజున నేను అన్నం పళ్లెం విసిరేశాను. ఆ సొట్టలో ఏడాదిగా పప్పు పోసుకొని తింటున్నాను.

పాన, పసుపు పెయింటు, ఒక ఖాళీ గోనెసంచి తీసుకొని బండెక్కాను. "బియ్యంతోని కాదు వదినె. మనిషి కావాలె. నడువు," అన్నాను. సిద్దిపేట దాకా వందన నడిపింది. ఏమని మొదలుపెట్టాలో దారి పొడవునా కూడబలుక్కున్నాను. మాఫ్ చేయమని అడగాలి, తిట్టాలి, కౌగిలించుకోవాలి. ఏది ముందో తేలేలోపే ఇల్లు వచ్చింది.

శైలేందర్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. పోటీలకు వేసుకొనే మా నీలం చొక్కా వేసుకున్నాడు. భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారింది. వాడి ముఖంలో వాడి కళ్లు మాత్రమే మిగిలాయి. నన్ను చూసి లేవబోయి, కుర్చీ చెయ్యి పట్టుకొని ఆగాడు.

కూడబలుక్కున్నదంతా ఎటో పోయింది. "బండెక్కి కూసో," అన్నాను.

లేచి వచ్చాడు. మూడు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. సాయం పడదామని చెయ్యి చాపి, వాడికి నచ్చదని వెనక్కి తీసుకున్నాను. వాకిట్లో సిమెంటు నేల మీద బండి చదునుగా నిలబడి ఉంది. కుషన్ నేనే సర్ది పెట్టాను. వాడు కూర్చున్నాడు. నేను గోనెసంచి పరచుకొని వెనక నుంచి కిందికి దూరాను. ఒకప్పుడు వాడు కూర్చుంటే బండి ఉస్సూరని కిందికి దిగేది, మూలిగేది. ఇప్పుడు ఎవరూ ఎక్కనట్టే ఉంది. లింకు నట్టు సడలించాను. బార్ టక్కున చిన్న చప్పుడు చేసి మెలి వదిలింది.

"ఇజ్జూ," అన్నాడు పైనుంచి.

"ఊఁ."

"ఎంతనుకొని బిగించినవ్?"

"ఎనభై నాలుగు."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక అన్నాడు, "నువ్వే అంటివి గదరా, ఇరవై కిలోలు తగ్గినంక రమ్మని. ఇర్వై మూడు తగ్గిన. అయినా రానీకె మొఖం చెల్లలే. అందుకే బండిని పంపిన."

వాడే పంపాడు! ఆరేళ్లుగా నేను కోరుకున్న మాట అదొక్కటే. అది ఇలా, ఈ బరువుతో కలిసి వస్తుందని ఎవరనుకున్నారు? "నా నోట్ల మన్నువడ. గా మాట ఎందుకన్ననో," అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపు అడ్డం వచ్చింది. కారు కింద పడుకొని ఏడిస్తే కన్నీళ్లు చెవుల్లోకి పోతాయి, తుడుచుకోవడానికి మోచెయ్యి లేవదు.

"గా రోజు బండి తిరిగింది నీ బిగింపుతోని కాదు," అన్నాడు వాడు. "నేనే ఆగలేక బ్రేకు మీద కాలేసిన. గది చెప్పనీకె ఆరేండ్లు వట్టింది."

లింకు నిడివి సరిచేశాను. బార్ తీరుబడిగా కూర్చుంది. నట్టు బిగించాను.

"పసుపు గీత పెట్టినవా?"

"పెట్టలే."

"ఎందుకు?"

"గీత పెడితే పని అయిపోయినట్టు. నువ్వు రెండు కిలోలు పెరిగినప్పుడల్లా నేనొచ్చి ఇప్పి బిగియ్యాలె."

"ఎన్ని రోజులు బిగిస్తవ్?"

"ఎనభై నాలుగు అయ్యేదాక."

పైన సీటు చిన్నగా ఊగుతోంది. ఆ కదలిక బార్ మీదుగా నా చేతిలోని పానకు తెలుస్తోంది. కాసేపటికి అది ఆగింది.

"అయిందా?" అన్నాడు.

నట్టు బిగించి చాలాసేపయింది.

"కాలే. కదలకు, కూసో," అన్నాను.